బీఎస్/ఎండీ: మన ఇళ్లలో తిరిగే అపోహలు, అసలు లెక్కలు

అమెరికాలో మన పిల్లలకు కాలేజీ అడ్మిషన్ల కౌన్సెలింగ్ చేయడం నా పని. ఎడిసన్ నుంచి ఫోన్ వచ్చినా, ఫ్రిస్కో నుంచి వచ్చినా, తెలుగు ఇల్లయితే మొదటి పది నిమిషాల్లో బీఎస్/ఎండీ మాట వచ్చేస్తుంది. హైస్కూల్ అవ్వగానే డిగ్రీ సీటు (బీఎస్), మెడికల్ సీటు (ఎండీ, ఇక్కడ మన ఎంబీబీఎస్ లాంటిది) ఒకేసారి ఇచ్చే ప్రోగ్రాములివి. ఇంటర్ అవ్వగానే ఎంబీబీఎస్‌లో చేరడం చూసిన తరం మనది, అందుకే ఈ దారి మనకు తెలిసిందేనని అనిపిస్తుంది. "అక్కా, ఒక్కసారి సీటు పడితే ఇంక టెన్షన్ లేదు కదా" అని అడుగుతారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: సీటు వచ్చిందంటే డాక్టర్ అయిపోయినట్టే.

వచ్చేది షరతులతో కూడిన సీటు. అభినందనల ఉత్తరం అందరూ చదువుతారు, దానితో వచ్చే షరతుల కాగితం చాలామంది చదవరు. అందులో ఏముంటుందంటే: జీపీఏ (4కు లెక్కేసే గ్రేడుల సగటు) 3.5కో 3.6కో తగ్గకూడదు, సైన్స్ సబ్జెక్టుల జీపీఏ విడిగా చూస్తారు, ఏ కోర్సులోనూ ఫలానా గ్రేడు కంటే కింద రాకూడదు. కొన్ని చోట్ల మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ కూడా రాసి కనీస స్కోరు తెచ్చుకోవాలి. ఇంకొన్ని చోట్ల వేరే మెడికల్ స్కూల్‌కు అప్లై చేస్తే ఈ సీటు పోతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి రెండో ఏడాది ఆర్గానిక్ కెమిస్ట్రీ దెబ్బేసింది. సైన్స్ జీపీఏ 3.46కు పడింది, కావాల్సింది 3.5. అప్పటికే ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుని, బంధువులందరికీ "మా డాక్టరు" అని చెప్పుకున్నారు. సీటు పోయిన సంగతి వాడు ఇంట్లో చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు వాడు ఒక్కడే మోశాడు, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే సంతకం పెట్టే ముందు ఆ కాగితాన్ని పిల్లలతో కూర్చుని చదవమంటాను. గ్రేడు ఒక్క సెమిస్టర్ తగ్గితే సరిదిద్దుకోవడానికి గడువు ఇస్తారా అన్నది ముందే అడగండి.

అపోహ: రెండు కోర్సులు కలిపి చేస్తే ఖర్చు తగ్గుతుంది.

ఏళ్లు తగ్గితే తగ్గుతుంది. కాన్సస్ సిటీలోని మిస్సోరీ యూనివర్సిటీలో 1971 నుంచి ఆరేళ్ల ప్రోగ్రాము ఉంది, ఏడేళ్లవీ కొన్ని ఉన్నాయి. కానీ ఇప్పుడు ఎక్కువ భాగం ఎనిమిదేళ్లవే. ఐవీ లీగ్‌లో, అంటే పేరున్న ఎనిమిది పాత ప్రైవేట్ యూనివర్సిటీల్లో, ఉన్న ఒకే ఒక్క ప్రోగ్రాము, బ్రౌన్ యూనివర్సిటీ పీఎల్‌ఎంఈ, కూడా ఎనిమిదేళ్లే. డిగ్రీకి నాలుగు, మెడికల్ స్కూల్‌కు నాలుగు, మామూలు దారికి పట్టేంతే.

కాగితం మీద వేసి చూడండి. పేరున్న ప్రైవేట్ కాలేజీలో హాస్టల్, తిండితో కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటిపోయింది. నాలుగేళ్లకు 3 లక్షల 60 వేలు. ప్రైవేట్ మెడికల్ స్కూల్ నాలుగేళ్లకు అన్నీ కలిపి 3 లక్షల 90 వేల దగ్గర ఉంటుంది. మొత్తం 7 లక్షల 50 వేల డాలర్లు. అదే సొంత రాష్ట్రంలో స్టేట్ యూనివర్సిటీలో చదివి, పబ్లిక్ మెడికల్ స్కూల్‌కు వెళ్తే 4 లక్షల పైచిలుకులో అయిపోతుంది. టెక్సస్ వాళ్లకైతే తేడా ఇంకా ఎక్కువ. అక్కడి పబ్లిక్ మెడికల్ స్కూళ్లలో 90 శాతం సీట్లు టెక్సస్ వాళ్లకే, ట్యూషన్ దేశంలోకెల్లా తక్కువ ఉన్న చోట్లలో అదొకటి. ప్లేనోలో ఇల్లు పెట్టుకుని, ఎక్కడో ఈస్ట్ కోస్ట్‌లో ప్రైవేట్ ప్రోగ్రాముకు పంపే ముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోండి.

"లోన్ తీసుకుంటే సరిపోతుంది కదండీ" అంటారు. ఇక్కడే కొత్త మార్పు వచ్చింది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్ (డిగ్రీ తర్వాతి చదువులకు పూర్తి ఖర్చు దాకా ఇచ్చే ఫెడరల్ లోన్) ఉండదు. మెడికల్ విద్యార్థికి ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లు, అంతే. ఇప్పుడు హైస్కూల్‌లో ఉన్న పిల్లలందరూ దీని కిందికే వస్తారు. 3 లక్షల 90 వేల ఖర్చులో 2 లక్షలు పోగా మిగిలింది ప్రైవేట్ లోనే, దానికి సాధారణంగా కోసైన్ చేయాల్సింది, అంటే హామీ సంతకం పెట్టాల్సింది, అమ్మానాన్నలే. రిటైర్మెంట్ దగ్గరపడే వయసులో ఆ సంతకం ఎంత బరువో ముందే మాట్లాడుకోవాలి. ఇంట్లో ఇద్దరు ఒకేసారి కాలేజీలో ఉంటే ఎయిడ్ పెరుగుతుందన్న పాత నమ్మకం కూడా వదిలేయండి. 2024-25 నుంచి ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ అప్లికేషన్) లెక్కలో ఆ వెసులుబాటు లేదు.

ఇంకో నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. న్యూయార్క్ యూనివర్సిటీ గ్రాస్‌మన్ మెడికల్ స్కూల్ 2018లో ట్యూషన్ తీసేసింది. 2024లో 100 కోట్ల డాలర్ల విరాళంతో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ మెడికల్ కాలేజీ కూడా తీసేసింది. జాన్స్ హాప్కిన్స్‌లో ఏడాది ఆదాయం 3 లక్షల డాలర్ల లోపున్న కుటుంబాల్లో ఎక్కువమంది పిల్లలకు ట్యూషన్ లేదు. వేరే చోట అప్లై చేయకూడదనే ప్రోగ్రాములో పదిహేడేళ్లకే సంతకం పెడితే ఈ తలుపులన్నీ ఆ రోజే మూసుకుంటాయి. అందుకే బయట అప్లై చేసుకోనిచ్చే ప్రోగ్రాముకు నా దగ్గర ఎప్పుడూ ఒక మార్కు ఎక్కువ.

అపోహ: వాట్సాప్ గ్రూపులో లిస్టు ఉంది, అది చాలు.

ఆ లిస్టుల్లో ఇప్పటికీ నార్త్‌వెస్టర్న్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ కనిపిస్తాయి. ఆ రెండూ ఈ ప్రోగ్రాములు ఆపేసి ఏళ్లయింది. ప్రతి ఆగస్టులో కాలేజీ వెబ్‌సైట్ చూసి మీ లిస్టు మీరే రాసుకోండి.

అపోహ: ఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష) 1600కు 1580, అన్నీ ఏ గ్రేడులు, ఇక సీటు రాకుండా ఎలా ఉంటుంది?

అప్లై చేసే పిల్లల్లో చాలామందికి అవి ఉంటాయి. కొన్ని ప్రోగ్రాములు తీసుకునేది ఏడాదికి పది, పదిహేను మందినే. అక్కడ చూసేది, పదిహేడేళ్ల పిల్లకు ఈ వృత్తి అంటే ఏమిటో నిజంగా తెలుసా అన్నది. ఇంటర్వ్యూలో "డాక్టరే ఎందుకు, నర్సు ఎందుకు కాకూడదు?" అని అడుగుతారు. "మనుషులకు సాయం చేయాలని" అన్న జవాబు అక్కడ నిలబడదు, నర్సు చేసేది కూడా అదే కదా.

ఎండాకాలం సెలవుల్లో గుంటూరు వెళ్లి మామయ్య నర్సింగ్ హోమ్‌లో రెండు వారాలు ఉండి, "ఇంజెక్షన్లు వేశాను, కుట్లు వేయడంలో సాయం చేశాను" అని వ్యాసం రాసుకొచ్చిన పిల్లలు నాకు ప్రతి ఏడూ తగులుతారు. దయచేసి వద్దు. శిక్షణ లేని పిల్లవాడి చేత పేషెంట్ మీద పని చేయించారంటే అది ఇక్కడి అడ్మిషన్ల కమిటీకి నీతికి సంబంధించిన తప్పుగా కనిపిస్తుంది. ఆ పేషెంట్ వైపు నుంచి ఆలోచించినా తప్పే. అదే గుంటూరులో ఓపీ బయట కూర్చుని, మందుల చీటీ చదవడం రాని ఒక పెద్దావిడకు ఏ మాత్ర పొద్దున, ఏ మాత్ర రాత్రి అని చెప్పి, కవర్ల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసిచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. ఆ అమ్మాయి వ్యాసంలో నేను ఒక్క మాట కూడా మార్చలేదు.

అపోహ: బీఎస్/ఎండీ రాకపోతే డాక్టర్ అయ్యే దారి పోయినట్టే.

2023లో ఎండీ స్కూళ్లకు సుమారు 52 వేల మంది అప్లై చేస్తే దాదాపు 23 వేల మంది చేరారు. మామూలుగా నాలుగేళ్లు చదివి, ఎంక్యాట్ రాసి వచ్చినవాళ్లే వాళ్లలో అత్యధికులు. పైన చెప్పిన 3.46 అబ్బాయి కూడా ఒక ఏడాది ఆగి ఆ దారిలోనే మెడికల్ స్కూల్‌లో చేరాడు. ఇక "ఎంక్యాట్ రాసే పని తప్పింది, హమ్మయ్య" అనుకునేవాళ్లకు ఒక్క మాట: డాక్టర్ లైసెన్సుకు రాసే స్టెప్ పరీక్షలు అందరికీ ఒకటే, చదువయ్యాక ఆసుపత్రి శిక్షణ సీట్లు కేటాయించే రెసిడెన్సీ మ్యాచ్ కూడా అందరికీ ఒకటే.

అపోహ: హెచ్-4లో (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) ఉన్నా ఫర్వాలేదు, ఇక్కడే పెరిగిన పిల్ల కదా.

ఇది చెప్పడం నాకు అన్నిటికన్నా కష్టం. రెండేళ్ల వయసులో వచ్చి, ఇక్కడే చదివి, క్లాసులో మొదటి ర్యాంకులో ఉన్న పిల్లయినా, గ్రీన్ కార్డు రాకపోతే చాలా ప్రోగ్రాములు అసలు అప్లై చేయనివ్వవు. ఫెడరల్ లోన్ రాదు. 21 ఏళ్లు నిండగానే హెచ్-4 అయిపోతుంది, అంటే డిగ్రీ మూడో ఏడో నాలుగో ఏడో చదువుతుండగా విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. అప్పుడు మెడికల్ స్కూల్ దృష్టిలో ఆమె విదేశీ విద్యార్థి. కొన్ని స్కూళ్లు విదేశీ విద్యార్థుల ఫీజు డబ్బు ముందే ఎస్క్రో ఖాతాలో (ఫీజు కోసం విడిగా కట్టిపెట్టే ఖాతా) వేయమంటాయి.

మీ ఇంట్లో పరిస్థితి ఇదే అయితే అప్లికేషన్ ఫీజు కట్టే ముందే మెడికల్ స్కూల్ అడ్మిషన్ల ఆఫీసుకు రాయండి. డిగ్రీ కాలేజీ ఆఫీసుకు కాదు, మెడికల్ స్కూల్ ఆఫీసుకే. రెండే ప్రశ్నలు: మధ్యలో హెచ్-4 నుంచి ఎఫ్-1కు మారితే సీటు నిలుస్తుందా? ఎఫ్-1లో ఉన్నవాళ్లను ఎండీలోకి తీసుకుంటారా, తీసుకుంటే డబ్బు ముందే ఎంత చూపించాలి? జవాబు ఫోన్‌లో చెబుతామంటే ఒప్పుకోకండి, ఈమెయిల్‌లోనే తీసుకోండి.