ఈనిన ఆవుకి హార్మోన్ ఇంజక్షన్ ఎందుకు? పిల్లలకి ఉత్తరం

బుజ్జీ, చిన్నూ,

ఆవు బాగానే మేస్తోంది, పాలు ఇస్తోంది, మరి డాక్టరు గారు హార్మోన్ ఇంజక్షన్ ఎందుకు రాశారు, ఆ పాలు తాగొచ్చా అని అడిగారు కదా. ఫోన్లో చెప్తే సగం తప్పిపోతుంది, అందుకే రాస్తున్నా.

ఆవు దాదాపు 280 రోజులు మోసి ఈనుతుంది. గర్భసంచి మళ్ళీ మామూలు సైజుకి రావడానికి ఓ 40 రోజులు పడుతుంది, ఆ తర్వాత 21 రోజులకోసారి ఎదకి రావాలి, మూడు నెలల్లోపు చూడి కడితే ఏడాదికో దూడ. అది జరక్కపోతే పాలు ఆగిపోతాయి కానీ మేత ఖర్చు ఆగదు, రెండావులున్న రైతుకి అదే పెద్ద దెబ్బ.

ఎందుకు జరగదంటే, మన చిత్తూరు వైపు జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులు ఈనిన నెలా రెణ్ణెల్లలో బాగా పాలు దించుతాయి, అంత పాలకి సరిపడా మేత అప్పుడు తినలేవు, ఒంట్లో కొవ్వు కరిగించి పాలు చేస్తాయి, చిక్కిపోతాయి. అలాంటప్పుడు మెదడు అండాశయానికి పంపే సంకేతాలు తగ్గించేస్తుంది. ఆ సంకేతాల్లో మొదటిది జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్. దాన్ని లక్షలకొద్దీ పందుల, గొర్రెల మెదళ్ళ నుంచి తీసి కనుక్కున్నారు షాలీ, గిలెమాఁ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, 1977లో నోబెల్ కూడా వచ్చింది. అది అందితే ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ విడుదలై అండం బయటికొస్తుంది, ఆ చోట కార్పస్ లూటియం అని ఒక గడ్డ ఏర్పడి గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఇస్తుంది, చూడి కట్టకపోతే గర్భసంచే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం పంపి దాన్ని కరిగించేస్తుంది, మళ్ళీ ఎద. ఇంతే చక్రం.

ఇందులో ఎక్కడ ఆగిందో తెలిస్తేనే మందు. కొన్నిటికి అండాశయాలు చిన్నగా, నున్నగా, ఏ పనీ లేకుండా ఉంటాయి. కొన్నిటికి అండం ఉన్న సంచి పగలకుండా 2.5 సెంటీమీటర్లు దాటి నీళ్ళు పట్టిన పొక్కులా పెరిగిపోతుంది, దాన్నే సిస్ట్ అంటారు, అప్పుడు కొన్ని ఆవులు మాటిమాటికీ ఎదలో ఉన్నట్టు కనిపిస్తాయి, చాలావాటికి అసలు ఎదే కనబడదు. ఇంకొన్నిటికి గర్భసంచిలో చీము పట్టి కార్పస్ లూటియం గడ్డ కరగదు.

సిస్ట్‌కి బుసెరెలిన్ ఇస్తారు, జీఎన్ఆర్‌హెచ్ లాంటిదే, ఆవు మొత్తానికీ 20 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో 50,000వ వంతు! వారం తర్వాత ప్రోస్టాగ్లాండిన్ ఇస్తే రెండు నుంచి ఐదు రోజుల్లో ఎదకొస్తుంది. పూర్వం సిస్ట్‌ని చేత్తో నొక్కి పగలగొట్టేవాళ్ళు, రక్తం కారి అండాశయం అతుక్కుపోయే ప్రమాదం ఉంది, ఎవరైనా అలా చేస్తామంటే నాన్నని వద్దనమనండి. పనిచేయని అండాశయాలకి యోనిలో ప్రొజెస్టిరాన్ పరికరం వారం రోజులు ఉంచి తీస్తారు. కానీ ఎముకలు తేలిన ఆవుకి ఏది పెట్టినా గ్యారంటీ లేదు, ముందు దాణా, పచ్చగడ్డి, మినరల్ మిక్స్చర్.

నాకు నిజంగా బాధ కలిగించేది ఏంటంటే చెయ్యి పెట్టి అండాశయం చూడకుండానే ఎద ఇంజక్షన్, అంటే ప్రోస్టాగ్లాండిన్ వేసేయడం. అది కార్పస్ లూటియం గడ్డ ఉంటేనే పనిచేస్తుంది, ఎద అయిన మొదటి ఐదు రోజుల్లో వేస్తే దండగ, చూడి ఆవుకి వేస్తే ఈసుకుపోతుంది, అంటే కడుపు పోతుంది! చర్మం గుండా మన ఒంట్లోకీ వెళ్తుంది కాబట్టి కడుపుతో ఉన్న మీ పిన్ని, ఆస్తమా ఉన్న తాతయ్య ఆ సీసా ముట్టుకోకూడదు, మీరు కూడా.

పాల సంగతి: ప్రోస్టాగ్లాండిన్ ఆవు ఒంట్లో త్వరగా విరిగిపోతుంది, బుసెరెలిన్ చిన్న ప్రొటీన్ ముక్కలాంటిది, పాలలో ఏ కాస్త వచ్చినా మన కడుపులో అరిగిపోతుంది. తాగొచ్చు. అయితే చీముకి యాంటీబయాటిక్ కూడా వేస్తే డాక్టరు గారు చెప్పినన్ని రోజులు ఆ పాలు వాడకండి.

మీ పని ఒకటుంది. ఈనిన తేదీ, మాయ ఎప్పుడు పడింది, ఎదకి గుర్తైన తీగల్లాంటి తేట స్రావం ఏ రోజు కనిపించింది క్యాలెండర్ మీద రాయండి, రాత్రి పడుకునే ముందు ఒకసారి కొట్టంలోకి తొంగి చూడండి, ఎద చాలాసార్లు రాత్రే వస్తుంది. ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించాలి. డాక్టరు గారు వచ్చినప్పుడు ఆ క్యాలెండరే ముందు చూపించండి.

మీ పెద్దమ్మ