‘చీ’ అంటే అవకాశం కాదండీ బాబూ

మొన్న మళ్లీ ఎదురైంది ఆ స్లైడు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ తన సేల్స్ వాళ్లకి ట్రైనింగ్ పెట్టింది. చైనా నుంచి వచ్చిన అతిథులకి దుబాసీగా నేనూ వెళ్లి కూర్చున్నాను. తెర మీద రెండు చైనా అక్షరాలు, వాటి కింద "ప్రమాదం + అవకాశం = సంక్షోభం". "చూశారా, వేల ఏళ్ల జ్ఞానం!" అన్నాడు ట్రైనరు. పక్కనున్న చైనా ఇంజనీరు ఏమంటున్నాడని అడిగితే చెప్పాను. ఆయన నవ్వి, "మా బాసు కూడా ఇదే అంటాడు, బోనస్ కోసే ముందు" అన్నాడు.

పద్నాలుగేళ్లుగా ఈ భాష మీదే బతుకుతున్నాను. విన్న అపోహలన్నీ రాస్తే పుస్తకమవుతుంది. జనానికి డబ్బు ఖర్చు పెట్టించేది మాత్రం ఇదొక్కటే, కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: సంక్షోభం అనే మాటలోనే చైనావాళ్లు అవకాశాన్ని దాచిపెట్టారు.

ఆ మాట ‘వేయ్‌చీ’. మొదటి అక్షరం ‘వేయ్’తో నాకు పేచీ లేదు. సుమారు క్రీ.శ. 100లో నిఘంటువు కూర్చిన షూ షెన్ దానికి "ఎత్తున ఉండి భయపడటం" అని అర్థం చెప్పాడు. కొండ అంచున నిలబడ్డవాడి పరిస్థితి అన్నమాట. గొడవంతా రెండోదానితోనే.

ఇంగ్లీషు అక్షరాల్లో దాన్ని ‘జె’తో రాస్తారు గానీ పలికేది మన ‘చ’కే దగ్గర. ఒత్తు పెట్టి ‘ఛీ’ అన్నారా, అది ఏడు అంకె. ఒత్తు లేకుండా, అదే స్వరంలో, అంటే గొంతుని అదే ఎత్తులో పట్టి అంటే, కోడి కూడా ‘చీ’యే. (ఒత్తులున్న భాషలో పుట్టడం వల్ల మనకి ఇక్కడ ఇంగ్లీషువాళ్ల కంటే పని తేలిక. ఈ సంగతి చెబితే నా విద్యార్థుల మొహాలు వెలుగుతాయి. తర్వాత స్వరాలు మొదలుపెట్టగానే ఆరిపోతాయి.)

పాత రూపంలో ఈ చీకి 16 గీతలు. ఎడమవైపు చెట్టు, కుడివైపు శబ్దం కోసం తగిలించిన ముక్క. అంటే మొదట ఇదొక కొయ్య సాధనం. షూ షెన్ దీన్ని "విడుదలని శాసించేది" అన్నాడు. విల్లు కొయ్యకి అడ్డంగా బిగించిన ఆయుధం ఉంటుంది చూడండి, దాని మీట ఇది. చైనాలో షీఆన్ నగరం దగ్గర 1974లో, పాత చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి సైనికులు బయటపడ్డ గోతుల్లో ఇలాంటి కంచు మీటలు దొరికాయి. లాగిపట్టిన తాడు ఒక చిన్న పంటికి తగులుకుని ఆగి ఉంటుంది. కింద మీటని వేలితో లాగితే పన్ను పక్కకి ఒరుగుతుంది, అంతసేపూ పట్టి ఉంచిన బలమంతా ఒక్కసారిగా బాణంలోకి వెళ్లిపోతుంది. కదిలేది ఇంతే, ఆ తర్వాత జరిగేది అంత. చీ అంటే ఆ కీలకం, ఆ క్షణం.

మగ్గాన్ని కూడా చీ అనే అనేవారు. కొడుకు చదువు మీద శ్రద్ధ పెట్టడం లేదని పాత చైనా తత్వవేత్త మెన్షియస్ తల్లి మగ్గం మీద నేస్తున్న బట్టని కోసేసిందన్న కథ చైనాలో పిల్లలందరికీ తెలుసు. అది మొదటిసారి చదివినప్పుడు నాకు మంగళగిరిలో మా తాత గుంట మగ్గం గుర్తొచ్చింది. కాలి కింద చెక్క తొక్కితే పడుగు రెండుగా విడిపోయేది, ఆ సందులోంచి నాడె దూసుకెళ్లేది. నేను ఒకసారి ఆడుకుంటూ తప్పు చెక్క తొక్కి నాలుగు పోగులు తెంపాను. తాత తిట్టలేదు. పొద్దుపోయేదాకా కూర్చుని ఒక్కో పోగూ ముడేశాడు.

తర్వాత ఆ అక్షరం తెలివైన సాధనాలన్నిటికీ పాకింది. ఏతాంతో నీళ్లు తోడుకోమని సలహా ఇస్తే, యంత్రం చేపడితే మనసులోకీ యంత్రం వస్తుందని ఒక ముసలి తోటమాలి ఒప్పుకోని కథ పాత చైనా తత్వగ్రంథం జువాంగ్‌జీలో ఉంది. అక్కడ యంత్రమూ చీయే, మనసులోని యుక్తీ చీయే. ఇవాళ ఎగిరే చీ విమానం, చేతి చీ సెల్‌ఫోను.

మరి అవకాశం? దానికి పక్కన ‘హుయ్’ కావాలి. చీహుయ్ అంటే అవకాశం, కలిసొచ్చిన క్షణం. చీ ‘వేయ్’ పక్కన కూర్చుంటే మీట లాగబోతున్న ప్రమాదపు ఘడియ. అందులో మీకోసం ఎవరూ లాభం దాచిపెట్టలేదు.

నమ్మబుద్ధి కాకపోతే మన మాటే తీసుకోండి. ‘స్వ’ అంటే సొంత. ‘తంత్రం’ అంటే సంస్కృతంలో మగ్గం అనే అర్థం కూడా ఉంది. ఆగస్టు 15ని సొంత మగ్గాల దినం అందామా? ఖాదీ బోర్డువాళ్లు సంతోషిస్తారేమో గానీ మిగతావాళ్లు నవ్వుతారు.

ఈ స్లైడుకి పెద్దల దీవెన ఉండటమే చిక్కు. కెనెడీ 1959లో ఇండియానాపొలిస్ ప్రసంగంలో ఇదే చెప్పాడు. 2007లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంటూ అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ కూడా అన్నాడు. న్యాయంగా ఇంకోటీ చెప్పాలి. చైనాలోనూ ఈ చమత్కారం నడుస్తోంది. ప్రమాదం, అవకాశం ఎప్పుడూ కలిసే ఉంటాయని షీ జిన్‌పింగ్ 2020లో అన్నాడు. అది శ్లేష. శ్లేషని ఎవరైనా వాడుకోవచ్చు, దాన్ని నిఘంటువని అమ్మితేనే నాకు మండుతుంది.

ఎందుకు మండుతుందంటే, లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయిన ఒక కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. ఆన్‌లైన్ క్లాసులో ఈ రెండక్షరాలు చూపించి, భయపడే వాళ్లే ఓడిపోతారని చెప్పారట. పీఎఫ్ డబ్బంతా తీసి షేర్లలో పెట్టేశాడు. "సార్, ఆ అక్షరం అర్థం నిజమేనా?" అని అడిగాడు, డబ్బు పెట్టిన తర్వాత. వాణ్ని ఏమని తిట్టను? భయంలో ఉన్నవాడికి ఎవరైనా ధైర్యం చెబితే చాలనిపిస్తుంది.

మిగతావి గబగబా. చైనా అక్షరాలన్నీ బొమ్మలే అనేది తప్పు. చాలావాటిలో ఒక ముక్క అర్థానికి సూచన, ఇంకోటి శబ్దానికి. చీ కూడా ఆ బాపతే. యాభై వేల అక్షరాలు రావాలనేది కూడా తప్పు. 2013లో చైనా ప్రకటించిన ప్రామాణిక పట్టికలో ఉన్నవే 8,105, అందులో మొదటి శ్రేణివి 3,500. జపనీస్ నేర్చుకున్నవాళ్లు చైనా బోర్డు మీద ఈ చీ అక్షరం చూసి "ఇది బల్ల కదా" అంటారు. జపాన్‌లో బల్లే. 1956 సరళీకరణలో చైనావాళ్లు 16 గీతల చీకి బదులు 6 గీతల వేరే పాత అక్షరాన్ని పెట్టుకున్నారు, అది జపాన్‌లో బల్లగా ఉండిపోయింది. పచ్చబొట్టుకి ఏ అక్షరం బాగుంటుందని అడిగేవాళ్లకి జవాబు: మీ పేరు తెలుగులో పొడిపించుకోండి.

కరీంనగర్ నుంచి ఫోన్ చేసిన ఒకావిడ సంగతి వేరు. కొడుకు చైనాలో ఎంబీబీఎస్ చదువుతూ న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరాడు. కాలేజీ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ఇంట్లో వాళ్లు యాప్‌లో ఒక్కో అక్షరమూ వెతికారు. రోగం అని ఒకటి, మారడం అని ఒకటి, విమానం అని ఒకటి వచ్చాయి. చివరి రెండూ కలిపి కొడితే మొదటి అర్థం "విమానం మారడం".

"ఇమానంల ఏడికి తీస్కపోతున్రు సార్ మా పోరన్ని? గంత సీరియసా?"

మెసేజ్ పంపించమన్నాను. చివరి రెండక్షరాలు ‘చ్వాన్‌చీ’. ఎయిర్‌పోర్టులో అయితే విమానం మారడమే. రోగం గురించి రాసినప్పుడు మాత్రం పరిస్థితి మంచి వైపు తిరగడం. మీట అటు కాకుండా ఇటు పడిందన్నమాట.

"విమానం లేదమ్మా. మీవాడికి నయమవుతోందని రాశారు."

కాసేపు అవతల మాట లేదు. ఏడుస్తోందనుకున్నాను.

"గా ముచ్చట సక్కగ రాయొచ్చు గద సార్!" అంది.