ఆవిడ గొంతు ఆవిడదే

చిట్టికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, మొన్న నువ్వు ఫోన్‌లో అడిగినదానికి జవాబు చెప్పేలోపే మీ అమ్మ "నాన్నా, దానికి ట్యూషన్ టైమైంది" అంటూ ఫోన్ లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం. టీవీలో 'మల్లీశ్వరి' చూస్తూ "ఈ హీరోయిన్ నిజంగా పాడుతోందా, ఊరికే నోరు కదుపుతోందా?" అన్నావు. రెండూను. నోరు కదిపిందీ ఆవిడే, పాడిందీ ఆవిడే. ఆవిడ పేరు భానుమతి.

సినిమా పాటని ముందు స్టూడియోలో రికార్డు చేస్తారు. షూటింగ్ రోజున దాన్ని గట్టిగా పెడితే నటులు పెదవులు కలుపుతారు. ఇందులో ఉన్న కష్టం తెలియాలంటే జోడెద్దుల బండిని తలుచుకోండి. దాపటి ఎద్దు తెర మీద మొహం, వెలపటి ఎద్దు గొంతు. వేరువేరు కొట్టాల్లో మేత మేసిన రెండిటినీ ఒకే కాడికి కట్టారు. అడుగు కలిసిందా, బండి హాయిగా సాగుతుంది. ఒకటి ముందుకు లాగి రెండోది వెనకబడితే చక్రం దారి తప్పి గట్టు మీదికెక్కుతుంది. రామారావు మొహం, ఘంటసాల గొంతు అడుగు కలిసిన జోడీ. భానుమతిది ఒంటెద్దు బండి. బండి ముందుండే రెండు కర్రల, అదే నొగల, మధ్య తనొక్కతే. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఏ మాట దగ్గర కళ్ళు వాల్చాలో పక్కవాళ్ళని చూసి తెలుసుకోవాల్సిన పని లేదు. ఎత్తు వచ్చినా బురద వచ్చినా బరువంతా ఆ మెడ మీదే. (ఎద్దుతో పోల్చానని ఆవిడకి తెలిసి ఉంటే నాకు గట్టిగానే పడేవి. నోరు అలాంటిది మరి.)

బండంటే మా పెదనాన్న గుర్తొచ్చాడు. పక్క ఊళ్ళో డేరా సినిమా వేస్తే బండిలో ఎండుగడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి పిల్లలందరినీ ఎక్కించేవాడు. దూరం నుంచి మైకులో ఘంటసాల గారి 'నమో వేంకటేశా' వినపడిందంటే టికెట్లు ఇస్తున్నారని లెక్క. ఎద్దుల్ని తోలడం మానేసి పెదనాన్న మమ్మల్నే దింపి పరిగెత్తించేవాడు. నేల టికెట్టు. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చిన ప్రతిసారీ లైటు వేసేవాళ్ళు, ఆ వెలుతుర్లో ఆయన చుట్ట వెలిగించుకునేవాడు. 'మల్లీశ్వరి' నేను మొదట చూసింది అలాగే. అప్పటికే అది పాత సినిమా. తిరిగొస్తుంటే పెదనాన్న అన్నాడు: "ఆ పిల్ల పెదాలు కాదురా, మెడ చూడాలి. పాడేవాళ్ళకి పాట మెడలో తెలుస్తుంది." సంగీతం అంటే ఆయనకి భజన తప్ప ఇంకేమీ తెలియదు. అయినా ఆ మాట ఎంత నిజమో!

సరే, భానుమతి దగ్గరికి వద్దాం. ఒంగోలు దగ్గర దొడ్డవరం ఆవిడ ఊరు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారికి సంగీతమంటే ప్రాణం. కూతురికి తొలి గురువూ ఆయనే. 1939లో, చిట్టీ, ఇంచుమించు నీ ఈడులో, సి. పుల్లయ్య గారు కలకత్తాలో తీసిన 'వరవిక్రయం'లో కాళింది వేషం వేసింది. అది కట్నాల మీద కాళ్ళకూరి నారాయణరావు గారు రాసిన నాటకం. 'కృష్ణప్రేమ'లో నటిస్తున్నప్పుడు ఆ చిత్రానికి సహాయ దర్శకుడుగా ఉన్న రామకృష్ణారావు గారిని ఇష్టపడి 1943లో పెళ్ళి చేసుకుంది. ఇక సినిమాలు చాలు, ఇల్లు చూసుకుంటానంది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారు ఊరుకోలేదు. 1945లో 'స్వర్గసీమ' వచ్చింది, అందులో 'ఓహోహో పావురమా' పాట ఊళ్ళకి ఊళ్ళే పాడుకున్నాయి.

ఆ తర్వాత ఇంట్లో కూర్చోవడం అనే మాటే లేదు. కొడుకు పేరు మీద భార్యాభర్తలు భరణీ పిక్చర్స్ పెట్టారు, మద్రాసులో స్టూడియో కట్టారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ భాషల్లో తీస్తే దర్శకత్వం తనదే, అందులో రెండు వేషాలూ తనవే. సెట్లో ఆడవాళ్ళు దర్శకుడి కుర్చీలో కనిపించడం ఎంత అరుదో ఆ రోజుల్లో! మీ అమ్మ ఆఫీసులో టీమ్ లీడర్ అయినప్పుడు మీ నాయనమ్మ ఊరంతా స్వీట్లు పంచింది కదా, భానుమతికి ఎవరు పంచారో మరి.

ఒంటెద్దు బండి అన్నానుగా, దానికి ఇంకో గుణముంది: తోలేవాడి మాట కంటే తన దారే ముఖ్యం. 'మిస్సమ్మ'లో మొదట హీరోయిన్ భానుమతే. కొంత షూటింగ్ కూడా అయింది. ఒకరోజు సెట్‌కి ఆలస్యంగా వచ్చిందని నిర్మాత చక్రపాణి గారు క్షమాపణ కోరితే ససేమిరా అంది. ఆ వేషం సావిత్రికి వెళ్ళింది. సావిత్రి ఎంత గొప్ప నటి అయిందో మీకు తెలుసు. పోగొట్టుకున్న వేషం గురించి భానుమతి ఏడుస్తూ కూర్చోలేదు, అదీ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది. అలాగని హోంవర్క్ ఎందుకు చేయలేదని టీచర్ అడిగితే భానుమతిలా మొండికేయకు బుజ్జీ, దానికి ముందు ఆవిడంత పని చేసుండాలి.

పని అంటే ఒకటా! 'అత్తగారి కథలు' రాసింది. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసింది. పద్మశ్రీ, పద్మభూషణ్ రెండూ వచ్చాయి. 2005లో పోయింది. 'మల్లీశ్వరి'లో నాగరాజు మీద మనసు పడ్డ మల్లి ఉంది చూశారూ, ఆ నాగరాజు వేషం రామారావుది. 1984లో 'మంగమ్మగారి మనవడు' తీసినప్పుడు అదే భానుమతి రామారావు కొడుక్కి నాయనమ్మ! బుజ్జిగాడు బాలకృష్ణ ఫ్యాన్ కాబట్టి ఇది వాడికి ప్రత్యేకం.

ఇక ఆవిడ పాటలో ఏముందో చెప్పమంటే నా వల్ల కాదు. శాస్త్రీయ సంగీతం పునాది అని చెప్పొచ్చు, గొంతు కాస్త ముక్కుతో పలుకుతుందని చెప్పొచ్చు. ఇంత చెప్పినా 'మల్లీశ్వరి'లో 'మనసున మల్లెల మాలలూగెనే' వింటే ఎందుకలా అవుతుందో తెలియడం లేదు. కృష్ణశాస్త్రి గారి మాట, రాజేశ్వరరావు గారి బాణీ, ఆవిడ గొంతు. ఎవరి వాటా ఎంతో విడదీయడానికి ఎన్నిసార్లు ప్రయత్నించినా పాట అయిపోయేసరికి ఆ లెక్క మర్చిపోతున్నాను.

మీరే ఒక పని చేయండి. ఆదివారం మీ అమ్మ ఫోన్ తీసుకుని 'మల్లీశ్వరి'లోదే 'ఆకాశవీధిలో' పాట పెట్టండి. భానుమతి, ఘంటసాల కలిసి పాడింది. మొదటిసారి కళ్ళు మూసుకుని వినండి. రెండోసారి సౌండ్ తీసేసి చూడండి. రామారావు వంతు వచ్చినప్పుడు పెదాలు, భానుమతి వంతు వచ్చినప్పుడు మెడ. మూడోసారి సౌండ్ పెట్టుకుని చూడండి. మా పెదనాన్న చెప్పింది కనిపించిందో లేదో నాకు రాయండి. వాయిస్ మెసేజ్ పెట్టొద్దు, నా ఫోన్‌లో అవి తెరుచుకోవు.

ఉంటాను.
మీ తాతయ్య