పండగ వారం టీవీ ప్రీమియర్లు: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి, దసరా వారాల్లో స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈటీవీ ఒకే సాయంత్రం ఎదురెదురుగా దిగుతాయి. ఒకదాంట్లో కొత్త సినిమా, ఇంకోదాంట్లో పండగ ఈవెంట్, మరోదాంట్లో సీరియల్ మహా ఎపిసోడ్. మధ్యలో క్రికెట్ ఉండనే ఉంటుంది. ఇంట్లో రిమోట్ మాత్రం ఒకటే. ఇలాంటప్పుడు మేం చెప్పేది ఒక్కటే: మళ్లీ దొరకనిదాన్నే ముందు చూడండి. ఆ లెక్కను తప్పుదారి పట్టించే అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: ప్రీమియర్ రోజు చూడకపోతే ఆ సినిమా పోయినట్టే.

వాస్తవం: పోయేది మొదటి ప్రసారం మాత్రమే. ఛానల్ శాటిలైట్ హక్కులు కొనేది ఒక్క రాత్రి కోసం కాదు, కొన్నేళ్ల కోసం. పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే సినిమాను పదేపదే వేయాల్సిందే. మెయిన్ ఛానల్లో ఒకటి రెండుసార్లు తిరిగాక అది స్టార్ మా మూవీస్, జీ సినిమాలు, జెమిని మూవీస్, ఈటీవీ సినిమా లాంటి సొంత సినిమా ఛానళ్లకు వెళ్తుంది. సీరియల్ ఎపిసోడ్లయితే జియోహాట్‌స్టార్, జీ5, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్ యాప్‌లలో ఉంటాయి. కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి: లైవ్ మ్యాచ్, ఆ తర్వాత పండగ ఈవెంట్, తర్వాత సినిమా, చివరికి సీరియల్. ఇల్లంతా చుట్టాలు దిగి, అందరూ కలిసి కూర్చునే సాయంత్రమైతే ఈ వరుసను పక్కన పెట్టేయండి. అప్పుడు సినిమాకే మా ఓటు.

అపోహ: రెండున్నర గంటల సినిమా టీవీలో త్వరగా అయిపోయింది, అంటే కోసేశారు.

వాస్తవం: కోయకుండానే నిడివి తగ్గుతుంది. థియేటర్ సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, మన దేశంలో టీవీ ప్రసారానికి 25. ఆ 24 ఫ్రేముల సినిమానే 25 వేగంతో నడిపితే నిడివి 4 శాతం తగ్గుతుంది. 150 నిమిషాల సినిమా 144 నిమిషాలకు వస్తుంది. పాటల శ్రుతి కాస్త పెరిగినట్టు చెవికి తగిలేది కూడా ఇందుకే.

ఇక ప్రకటనలు కలపాలి. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలు దాటకూడదు: వ్యాపార ప్రకటనలు 10, ఛానల్ సొంత ప్రోమోలు 2. అంటే గంటలో సినిమా నడిచేది 48 నిమిషాలు. 144 నిమిషాల సినిమాకు సరిగ్గా మూడు గంటలు పడుతుంది. 182 నిమిషాల ‘ఆర్‌ఆర్‌ఆర్’ లాంటిదైతే ఆ 4 శాతం తగ్గాక కూడా 3 గంటల 38 నిమిషాలు. ప్రీమియర్ రాత్రి అంతకన్నా తక్కువ పడుతుందని మాత్రం ఆశపడొద్దు. వంట, పిల్లల నిద్ర ఈ లెక్క మీదే చూసుకోండి. సాయంత్రం 6కు మొదలైన మామూలు సినిమా 9కి ముందు వదలదు.

నిజంగా కోత పడే సందర్భం వేరే ఉంది. ‘ఎ’ సర్టిఫికెట్ సినిమాను ఉన్నదున్నట్టు టీవీలో వేయడానికి లేదు. సన్నివేశాలు తగ్గించి, మళ్లీ సెన్సార్ బోర్డుకు పంపి, టీవీకి తగ్గ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అలాంటి సినిమాను పూర్తిగా చూడాలనుకుంటే టీవీ కోసం ఎదురుచూడటం దండగ.

అపోహ: ఓటీటీలో వచ్చేశాక టీవీలో ఎవరు చూస్తారు?

వాస్తవం: ‘అల వైకుంఠపురములో’ 2020 జనవరి 12న థియేటర్లకు వచ్చింది, ఫిబ్రవరికల్లా ఓటీటీలో ఉంది. ఆగస్టులో జెమినిలో వేస్తే 29.4 రేటింగ్ వచ్చింది. కరోనాతో జనం ఇళ్లలోనే ఉన్న రోజులు కావడం కలిసొచ్చింది, నిజమే. అయినా ఓటీటీకి వెళ్లినంత మాత్రాన బుల్లితెర ప్రేక్షకులు పోరని అది తేల్చింది. 2025 మార్చి 1న ‘సంక్రాంతికి వస్తున్నాం’ జీ తెలుగులోనూ జీ5లోనూ ఒకే రోజు వచ్చింది. ఇలా రెండుచోట్లా ఉన్న సినిమా కోసం మ్యాచ్ వదులుకోకండి.

అపోహ: మనం టీవీ పెడితే మన హీరో టీఆర్‌పీ పెరుగుతుంది.

వాస్తవం: మీ ఇంట్లో బార్క్ (టీవీ రేటింగ్‌లు లెక్కగట్టే సంస్థ) మీటర్ ఉంటేనే. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు సుమారు 23 కోట్లు, మీటర్లున్నవి సుమారు 58 వేలు. ఆ ఇళ్లు ఏవన్నది గోప్యం. ఛానల్ శబ్దంలో చెవికి వినపడని వాటర్‌మార్క్ అనే గుర్తు కలిసి ఉంటుంది, దాన్ని మీటర్ పట్టుకుంటుంది. ఎవరు చూస్తున్నారో తెలియడానికి ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక బటన్ ఉంటుంది. రేటింగ్ అంటే నిమిషాల సగటు. 180 నిమిషాల ప్రసారంలో 18 నిమిషాలే చూసిన మనిషి పదో వంతుగానే లెక్కకొస్తాడు.

బార్క్ వారం శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది, లెక్కలు ఆ పై గురువారం వస్తాయి. ఆదివారం వేసిన సినిమా రేటింగ్ తెలిసేది పదకొండో రోజున. సోమవారం పొద్దున్నే తిరిగే ‘రికార్డు టీఆర్‌పీ’ పోస్టర్లను నమ్మకండి, ఇంకొకరికి పంపకండి.

అపోహ: హెచ్‌డీ టీవీ కొన్నాం, బొమ్మ హెచ్‌డీలోనే వస్తోంది.

వాస్తవం: మూడూ కుదరాలి: హెచ్‌డీ సెట్‌టాప్ బాక్స్, ప్యాక్‌లో హెచ్‌డీ ఛానల్, బాక్స్‌నూ టీవీనీ కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత వైరు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. దాంట్లోంచి హెచ్‌డీ రాదు. మాటలు సన్నగా, సంగీతం హోరుగా వినిపిస్తుంటే బాక్స్ ఆడియో సెట్టింగ్‌ను డాల్బీ నుంచి స్టీరియోకు మార్చి చూడండి.

పైనా కిందా నల్ల పట్టీలు వస్తే బొమ్మ తెగిందనుకుని జూమ్ నొక్కుతారు. నిజానికి అప్పుడే తెగుతుంది. టీవీ తెర కన్నా వెడల్పాటి సినిమాస్కోప్ బొమ్మను తెర నిండా సాగదీయకుండా నింపితే వెడల్పులో నాలుగో వంతు పక్కలకు పోతుంది. పట్టీలు ఉండనివ్వండి.

అపోహ: రికార్డింగ్ పెట్టేస్తే నిశ్చింత.

వాస్తవం: క్లైమాక్స్ పోయేది ఇక్కడే. బాక్స్‌లోని ప్రోగ్రామ్ గైడ్‌లో చూపే ముగింపు సమయాన్ని నమ్ముకుంటే ప్రకటనలు ఎక్కువైన రాత్రి చివరి పావుగంట దక్కదు. 5 నిమిషాలు ముందు నుంచి, 30 నిమిషాలు వెనక దాకా పెట్టండి. పెన్‌డ్రైవ్‌లో రికార్డ్ చేసే బాక్స్ అయితే హెచ్‌డీ సినిమాకు కనీసం 16 జీబీ ఖాళీ ఉంచండి. ఒకే ట్యూనర్ (ఛానల్ సిగ్నల్‌ను పట్టే భాగం) ఉన్న బాక్స్‌లో ఒక ఛానల్ రికార్డ్ అవుతుండగా ఇంకోటి చూడటం చాలావరకు కుదరదు. ఆ రికార్డింగ్ సాధారణంగా అదే బాక్స్‌లో తప్ప ఇంకెక్కడా ఆడదు. డీటీహెచ్ వాళ్లకు దసరా రోజుల్లో ఇంకో చిక్కు: జోరు వానలో ఉపగ్రహం నుంచి డిష్‌కు వచ్చే కేయూ బ్యాండ్ సిగ్నల్ పడిపోతుంది, డిష్ ఎంత బాగా బిగించినా సరే.

అపోహ: ఒక్క సినిమా కోసం పెద్ద ప్యాక్ వేయించుకోవాలి.

వాస్తవం: ఏ పే ఛానల్‌నైనా (డబ్బు కట్టి చూసేది) విడిగా తీసుకోవచ్చు, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన అది. ప్యాక్‌లో కలిపి అమ్మే ఛానల్ ధర నెలకు 19 రూపాయలు దాటకూడదు, పన్ను అదనం. ఎస్‌డీ (మామూలు నాణ్యత), హెచ్‌డీ వేర్వేరు ఛానళ్లు, వేర్వేరు ధరలు. కావలసిన ఛానల్ నంబర్ చూసి రెండు రోజుల ముందే వేయించుకుని, ఒకసారి పెట్టి చూడండి. పండగ పూట కేబుల్ ఆపరేటర్ ఫోన్ ఎత్తడం కష్టం.