కూవం నోరు ఎందుకు పూడుతుంది?

చెన్నైలో చింతాద్రిపేటను మూడు వైపులా చుట్టి కూవం పారుతుంది. 1734లో నేతపనివారి కోసం వెలసిన ఆ పేటలో ఉండే పాఠకురాలు ఒకరు అడిగారు: "సముద్రం ఇంత దగ్గరలో ఉండగా మా నదిలో నీరు కదలదేమండీ?"

ముందు పేరు సంగతి. తిరువళ్ళూరు జిల్లాలోని కూవం గ్రామం పేరే నదికి వచ్చింది. త్రిపుర సంహారానికి బయలుదేరిన శివుడి రథానికి కూబరం, అంటే నొగ, అక్కడ విరిగిందని స్థలపురాణం. ఆ ఊరి శివలింగం తెల్లబడితే అతివృష్టి, ఎర్రబడితే యుద్ధం అని నమ్మకం. రంగు చూసి వాన చెప్పలేం కానీ, వాన మీదే బతికే నది ఒడ్డున ఇలాంటి నమ్మకం పుట్టడం సహజమే. దిగువ భాగాన్ని పాత ఆంగ్లేయ పటాలు ట్రిప్లికేన్ నది అన్నాయి.

ఇక అసలు విషయం, ఇసుక. నేపియర్ వంతెన దాటి కూవం సముద్రాన్ని చేరే చోట, అంటే నది నోటి దగ్గర, ఒక్క ఇసుక రేణువును గమనించండి. నైరుతి రుతుపవనాల కాలంలో అల ఒడ్డును ఏటవాలుగా తాకుతుంది. రేణువును వాయవ్యంగా పైకి నెడుతుంది. వెనక్కి జారే నీరు మాత్రం వాలు వెంబడి తిన్నగా దిగుతుంది. అలా రంపపు పళ్ళ దారిలో రేణువు ఉత్తరానికి జరుగుతూ పోతుంది. ఈశాన్య రుతుపవనాలప్పుడు దిశ తిరగబడుతుంది, అయినా ఏడాది మొత్తానికి ఉత్తరానికి పోయేదే ఎక్కువ.

ఈ ప్రవాహానికి 1875లో మొదలైన ఓడరేవు నిర్మాణం అడ్డుపడింది. అలకట్టకు, అంటే అలలను ఆపే రాతి గోడకు, దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురైంది. కూవం నోరు ఓడరేవుకు సరిగ్గా దక్షిణాన, ఇసుక పోగుపడే చోటే ఉంది.

నోరు తెరిచి ఉంచేది రెండు శక్తులు: నది వరద, ఆటుపోట్లు. పోటులో నదిలోకి చొరబడి ఆటులో తిరిగి వెళ్ళే నీటి మొత్తం ఎంత పెద్దదైతే ఇసుకను అంతగా తోసివేస్తుంది. చెన్నైలో ఆటుపోట్ల ఎత్తు తేడా సుమారు ఒక మీటరుకు మించదు. పైగా కూవం ఇరుకు నది. అందుకే ఆ నీరు చాలదు. ఇక నది వరద వచ్చేది ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. మిగిలిన నెలల్లో అలలు తెచ్చి పోసే ఇసుకదే పైచేయి. నోటికి అడ్డంగా ఇసుక తిట్టె (దిబ్బ) కట్టుకుంటుంది, దాని వెనుక మురుగు నిలుస్తుంది.

యంత్రాలతో తిట్టెను తవ్వితే దారి తెరుచుకుంటుంది, కానీ దక్షిణం నుంచి రేణువుల రాక ఆగదు. నోటికి ఇరువైపులా రాతి గోడలు కడితే పూడిక నెమ్మదిస్తుంది. వాటి పక్కన ఇసుక మళ్ళీ పేరుకుంటుంది కనుక తవ్వకం మాత్రం తప్పదు.