ఓడ దిగే మందుకి ఎన్ని ప్రశ్నలో!

విశాఖపట్నం

అమ్ములూ, చిన్నోడా,

ఎంవీపీ కాలనీ రైతుబజారులో వంకాయలమ్మే మామ్మ "ఫారిన్ పురుగుమందు కొట్టాం తల్లీ, ఓడలో వస్తాదట" అన్నదనీ, "అంత విషాన్ని ఎవరు పడితే వాళ్ళు తెప్పించేసుకోవచ్చా తాతయ్యా?" అనీ రాశారు. చాలా మంచి ప్రశ్న. డాల్ఫిన్ నోస్ పక్కనుంచి హార్బరులోకి వచ్చే ఓడల్ని రోజూ చూస్తాం గానీ, ఆ పెట్టెల్లో ఏముందో మనకేం తెలుస్తుంది?

అలా ఎవరు పడితే వాళ్ళు తెప్పించుకోవడానికి వీల్లేదు. ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకునే ముందు మన ఇళ్ళలో ఎంత వాకబు చేస్తారు! ఏ ఊరు, ఎవరి బిడ్డ, ఆరోగ్యం ఎలాంటిది, కోపమొస్తే ఏం చేస్తాడు, ఇరుగుపొరుగుతో ఎలా ఉంటాడు? పురుగుమందుకీ అంతే. ఫరీదాబాద్‌లో రిజిస్ట్రేషన్ కమిటీ ఉంది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం, ఆ కమిటీ సరేనని రిజిస్ట్రేషన్ ఇస్తేనే మందు మన దేశంలో దిగాలి. దాని పుట్టిల్లు ఏది, అంటే తయారుచేసే విదేశీ కంపెనీ ఏది? అందులో ఏ రసాయనం ఎంత పాలు? మన ఎండల్లో, మన వానల్లో పురుగు నిజంగా చస్తుందా? కొట్టాక కాయలో ఎన్నాళ్ళు మిగిలి ఉంటుంది? ఇక ఇరుగుపొరుగంటే ఎవరనుకున్నారు? తేనెటీగలు, చేపలు, పిట్టలు, వానపాములు. వాటికి ఏం చేస్తుందో కూడా పరీక్షించి చూపించాలి.

అన్నకి సంబంధం కుదిరింది కదాని తమ్ముడు పెట్టె పట్టుకుని దిగిపోకూడదు. ఒక కంపెనీకి అనుమతి వచ్చిందని అదే మందుని ఇంకో కంపెనీ తెచ్చేయకూడదు. ఎవరి రిజిస్ట్రేషన్ వాళ్ళదే. పూర్తిగా కొత్త మందైతే ముందు రెండేళ్ళకి తాత్కాలికంగా ఇచ్చి చూడవచ్చు. ఏళ్ళ తరబడి కాపురమున్నవాణ్ణి కూడా సాగనంపాల్సి వస్తుంది. కేరళలోని కాసరగోడు జీడిమామిడి తోటల్లో చల్లిన ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు మీద గోల చెలరేగి, చివరికి 2011లో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా ఆపించింది.

రేవులో కస్టమ్స్ వాళ్ళు కాగితాలు చూస్తారు. అనుమానమొస్తే సరుకు ఆపి, నమూనా తీసి కేంద్ర ప్రయోగశాలకి పంపిస్తారు. అక్కడ తేడా అని తేలితే ఆ సరుకు మన పొలాలకి చేరదు.

ఇన్ని కాగితాలెందుకని పెద్దయ్యాక మీకూ విసుగు రావచ్చు. అప్పుడు 1958 గుర్తు చేసుకోండి. ఆ వేసవిలో కేరళలోనూ, అప్పటి మద్రాసు రాష్ట్రంలోనూ గోధుమపిండి తిన్నవాళ్ళు వందమందికి పైగా చనిపోయారు. ఓడలో తిండి సరుకుతో పాటే పారాథియాన్ అనే పురుగుమందూ ప్రయాణం చేసింది. అది కారి పిండిలో కలిసింది. ఆ పిండితో అమ్మలు వండిపెట్టారు, పిల్లలు తిన్నారు. వాళ్ళలో ఎవరికీ ఏ పురుగుతోనూ పని లేదు. చట్టం ఆ తర్వాతే వచ్చింది. పురుగుమందుని తిండి గింజలకి, పశువుల దాణాకి తగిలేలా ఎక్కించకూడదు, దాచకూడదు అని 1971 నిబంధనల్లో రాసుంది. నాకు ఆ ఒక్క వాక్యం చదివితే గొంతు పట్టేస్తుంది.

ఆ 1958 నాటికి నేను మీ అంతవాణ్ణి. అనకాపల్లి దగ్గర మా ఊళ్ళో బెల్లం వండే రోజుల్లో పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు ఆ కబురే చెప్పుకునేవారు. ఆ తర్వాత మా నాన్న ఎండ్రిన్ అనే పురుగుమందు డబ్బా ఖాళీ అయితే గునపంతో పొడిచి, చెరువుకి దూరంగా గొయ్యి తీసి పూడ్చేసేవాడు. "బంగారంలాంటి డబ్బా, పప్పులు పోసుకుంటాను" అని అమ్మ బతిమాలేది. నాన్న ఎంత మెత్తనివాడో, ఆ ఒక్క విషయంలో అంత మొండివాడు. మందు అవసరం కావచ్చు పిల్లలూ, పైరు పోతే రైతు ఏం తింటాడు? కానీ దాన్ని చూసి భయపడటం మర్యాదే.

ఇక మీకో పని. ఇంట్లో దోమల మందో బొద్దింకల మందో ఉంటుంది. మీరు ముట్టుకోకుండా, అమ్మని పట్టుకోమని అట్ట మీద చూడండి. ఓ మూల వాలుగా నిలబెట్టిన చదరం, అందులో పైనా కిందా రెండు త్రికోణాలు ఉంటాయి. కింది త్రికోణం ఎరుపైతే అన్నిటికన్నా ఘోరమైన విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివరికి ఆకుపచ్చ. ఆ చదరం అట్ట ముఖంలో పదహారో వంతుకి తగ్గకూడదు, కావాలంటే స్కేలు పెట్టి కొలవండి. రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కడుందో వెతకండి. విరుగుడు ఏమిటో అమ్మకి గట్టిగా చదివి వినిపించి, ఏ రంగు కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య