నేపథ్యం అంటే బ్యాక్‌గ్రౌండ్ కాదు: నాటకం మాటల మీద కొన్ని అపోహలు

బరంపురంలో తెలుగు పిల్లల చేత నాటకాలు వేయిస్తుంటాను. వీళ్ళకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రిహార్సల్స్ మొదలైన వారంలోపే ఎవరికి ఏ మాట తప్పుగా తెలుసో బయటపడిపోతుంది. పెద్దవాళ్ళమూ తక్కువేం కాదు.

అపోహ: నేపథ్యం అంటే వెనకాల కట్టే సీనరీ.

ఈ తప్పు పేపర్లది. ‘ఎన్నికల నేపథ్యంలో’ అని చదివీ చదివీ అలా అనుకుంటాం. సంస్కృత నాటకంలో నేపథ్యమంటే నటులు వేషం కట్టుకునే చోటు, మన గ్రీన్‌రూమ్. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు జింక మీద బాణం ఎక్కుపెట్టగానే ‘ఇది ఆశ్రమ మృగం, చంపకూడదు’ అన్న కేక వచ్చేది అక్కణ్ణుంచే. మనిషి కనపడడు, గొంతు మాత్రం వినపడుతుంది. ఆ లెక్కన సినిమావాళ్ళ ‘నేపథ్య గాయకుడు’ అన్న మాటే అసలు అర్థానికి దగ్గర.

అపోహ: స్టేజీ మీద కుడి, ఎడమ అంటే చూసేవాళ్ళకి కుడి, ఎడమ.

కాదు. జనం వైపు తిరిగి నిలబడ్డ నటుడి కుడిచెయ్యి ఎటుంటే అదే రైట్. ఇది తెలిసుండీ నేనే ఒకసారి దెబ్బతిన్నాను. రామనవమి పందిట్లో నాటిక. రిహార్సల్స్ అన్ని రోజులూ ఎదురుగా కుర్చీలో కూర్చుని, నా కుడినే ‘రైట్‌లో నిష్క్రమణ’ అని స్క్రిప్టులో రాసేశాను. ఒక కుర్రాడికి జ్వరమొస్తే చివరి రోజు ఇంకొకణ్ణి పెట్టాం. వాడు స్క్రిప్టు శ్రద్ధగా చదువుకుని, సరిగ్గా తన కుడివైపే వెళ్ళాడు. అటు వింగ్‌లోంచి, అంటే స్టేజీ పక్క చాటులోంచి, టీ గ్లాసుల పళ్ళెంతో అమ్మాయి వస్తోంది. గ్లాసులన్నీ కింద. తండ్రి చావుబతుకుల్లో ఉన్న సీను అది, పందిరంతా ఒకటే నవ్వు.

అపోహ: స్వగతం, జనాంతికం ఒకటే, రెండూ పాతకాలం సరుకు.

రెండింటికీ పని వేరు. స్వగతం మనసులో మాట. పక్కనున్న పాత్రకి వినపడదు, ప్రేక్షకుడికి వినపడుతుంది. జనాంతికం అలా కాదు. స్టేజీ మీద నలుగురున్నప్పుడు ఇద్దరు రహస్యంగా మాట్లాడుకోవడం అది. ఉంగరం వేలు మడిచి, మిగతా వేళ్ళు చాపి, ఆ చేతిని అడ్డం పెట్టుకుంటారు. ఆ చెయ్యే త్రిపతాకం. అది లేవగానే మిగతావాళ్ళకి చెవుల్లేవని ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. పక్కకి తిరిగి ఒక్కరికే చెబితే అపవారితం. అందరికీ వినపడేలా అంటే ప్రకాశం. మా పిల్లలు ఈ నాలుగింటినీ ఒకే గొంతుతో లాగించేవారు. చెయ్యి అడ్డం పెట్టడం నేర్పాక గొంతు దానంతటదే తగ్గింది.

ఇక పాతకాలం అంటారా, ఆకాశభాషితం చూడండి. స్టేజీ మీద లేని మనిషితో మాట్లాడుతూ, వాడి మాటల్ని కూడా నటుడే మనకి అందించడం. ‘ఏంటీ? రేపు రావట్లేదా? డబ్బు సర్దలేదా?’ చేతిలో ఫోన్ పెట్టండి, ఈ కాలం నాటకమైపోతుంది.

అపోహ: డైలాగు కంఠస్థం వస్తే వాచికం, అంటే మాటతో చేసే అభినయం, వచ్చినట్టే.

మావాళ్ళలో చాలామంది తెలుగు డైలాగుల్ని ఒడియా లిపిలో రాసుకుంటారు. ఆ లిపిలో ఎ, ఏ లకి వేర్వేరు అక్షరాల్లేవు. ‘ఇక వెళ్ళు’ అని కోపంగా గెంటేయాల్సిన చోట ఒకడు ‘ఇక వేళ్ళు’ అన్నాడు. మాట పొల్లుపోకుండా వచ్చింది, వాచికమే రాలేదు. అందుకే నేను మొదటి వారం కాగితాలు ఇవ్వను, చెవితోనే నేర్పిస్తాను. ఒంటితో చేసే ఆంగికం, వేషంతో వచ్చే ఆహార్యం, లోపలి భావంతో పలికే సాత్త్వికం తర్వాత సంగతి.

నాటిక అంటే చిన్న నాటకం అనుకోవడం మాత్రం మరీ తప్పేం కాదు. నాటక పరిషత్తుల్లో ఇప్పుడదే వాడుక. కాకపోతే సంస్కృతంలో నాటికకి నాలుగు అంకాలు. హర్షుడి రత్నావళి అలాంటిదే.

అపోహ: తెర లేకపోతే నాటకం కాదు.

దీనికి జవాబు మా గంజాం జిల్లాలోనే ఉంది. ఇక్కడి జానపద నాటకం ‘ప్రహ్లాద నాటక’ని ఆరుబయట, మెట్లమెట్లుగా కట్టిన వేదిక మీద ఆడతారు. పైమెట్టు మీద హిరణ్యకశిపుడు. వాడెంత గొప్పవాడో డైలాగు చెప్పక్కర్లేదు, ఎత్తే చెబుతుంది. కథని పాడుతూ నడిపించే గాహకుడు మన సూత్రధారుడికి వరసకి అన్నదమ్ముడే. కూచిపూడిలోనూ ఇద్దరు మనుషులు పట్టుకున్న గుడ్డే తెర. దాని మీంచి సత్యభామ జడ ఇవతలికి పడితే చాలు, మనిషి కనపడకముందే ఆ అతిశయం తెలిసిపోతుంది.

మొన్న తెరకీ వింగులకీ అద్దె అడిగితే గుండె గుభేలుమంది. ఈసారి గుడివాళ్ళని నాలుగు బల్లలడిగాను, ఒకదాని మీద ఒకటి వేసుకోడానికి.